మా వసారా పైకప్పు కారలేదు, చెమర్చింది

మా ఇంటి వెనుక గోడకు ఆనించి, వంటగదిలో నుంచి నేరుగా అడుగు పెట్టేలా, ఒక ఏటవాలు రేకుల వసారా కట్టించుకున్నాము. దాని పొడవు 4 మీటర్లు, వెడల్పు 2.5 మీటర్లు, ఇంటి గోడ వైపు ఎత్తుగా, చూరు వైపు పల్లంగా ఉంటుంది కాబట్టి సగటు ఎత్తు కూడా 2.5 మీటర్లే. మొదట మూడు వైపులా తెరిచి ఉంచాలనుకున్నాము గాని, దుమ్ము, వాన జల్లు లోపలికి కొడుతున్నాయని ఇటుక గోడలు లేపి, ఒక కిటికీ, పెరట్లోకి ఒక తలుపు పెట్టించాము. బట్టలు ఉతికే యంత్రం, వాటిని ఆరవేసే తీగలు, నా రాత బల్ల, పుస్తకాల బీరువా ఒకటొకటిగా అందులోకి చేరాయి. కూర్చుని చదువుకోవడానికి ఇంట్లో నాకంటూ ఒక మూల దొరకడం అదే మొదటిసారి కాబట్టి, అక్కడ ఏ చిన్న లోపం కనిపించినా నాకు చాలా బాధగా ఉండేది.

మొదటి చలికాలంలో ఒక ఉదయం బల్ల మీద తెరిచి ఉంచిన నోటుపుస్తకంలో సిరా చెదిరి ఉండటం చూశాను. తల ఎత్తి చూస్తే రేకు అడుగు భాగమంతా నీటి చుక్కలు వేలాడుతున్నాయి. వాన పడి నెల దాటింది. అయినా నా మనసుకు తట్టిన మొదటి మాట పైకప్పు కారుతోందనే. పై నుంచి నీరు పడితే కారడమే అని చిన్నప్పటి నుంచి అనుకుంటూ వచ్చినవాడిని కాబట్టి, వాన లేకుండా నీరు ఎక్కడి నుంచి వస్తుందని ఒక్క నిమిషమైనా ఆలోచించలేదు. రేకులు వేసిన పనివారిని పిలిపిస్తే వారూ కారుతోందనే అన్నారు. రెండు రోజుల పాటు ప్రతి స్క్రూ కింద వాషరు మార్చి, చుట్టూ సిలికాన్ పూసి, ఇంటి గోడకూ రేకుకూ మధ్య ఉన్న అతుకు మూసి, చివరకు చూరు దగ్గర రేకు మడతల కింద సహజంగా ఉండే సందులను కూడా ఫోమ్ ముక్కలతో బిగించేశాము. ఆ పని ముగిసిన రాత్రి నేను నిశ్చింతగా నిద్రపోయాను. తెల్లవారి చూస్తే చుక్కలు ముందటి కంటే ఎక్కువగా ఉన్నాయి.

ఆ పెరుగుదలే నన్ను ఆపి ఆలోచింపజేసింది. కన్నాలు మూస్తే కారడం కొంతైనా తగ్గాలి. పెరిగిందంటే మేము మూసినది నీరు వచ్చే దారిని కాదు, అది బయటకు పోయే దారిని అయి ఉండాలి. ఆ రోజు నుంచి మూడు వారాల పాటు ప్రతి ఉదయం చుక్కలు ఎక్కడ, ఎంత ఉన్నాయో, అంతకు ముందు రాత్రి ఆకాశం ఎలా ఉందో, సాయంత్రం వసారాలో ఏ పని జరిగిందో రాసి పెట్టడం మొదలుపెట్టాను. రాతలో పెట్టగానే మూడు సంగతులు స్పష్టంగా కనిపించాయి. చుక్కలు స్క్రూల చుట్టూ గుమికూడటం లేదు, రేకు అంతటా సమానంగా పరుచుకుని ఉన్నాయి; నిజంగా కారితే ఒకటి రెండు చోట్ల నుంచే ధార కట్టాలి. మబ్బు పట్టిన రాత్రుల తర్వాత దాదాపు పొడిగా ఉండి, నక్షత్రాలు బాగా కనిపించిన రాత్రుల తర్వాత తడిసి ముద్దవుతోంది. ఇక మూడవది, బట్టలు లోపల ఆరవేసిన రోజుల మర్నాడు పరిస్థితి అన్నింటి కంటే అధ్వాన్నంగా ఉంది. ఆ మూడు వారాల మధ్యలో అకాలంగా ఒక గట్టి వాన కూడా పడింది. ఆ వాన కురుస్తున్నంత సేపూ నేను టార్చిలైటు పట్టుకుని రేకు కిందే నిలబడి చూశాను. ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు.

మబ్బు లేని రాత్రికీ రేకుకూ ఉన్న సంబంధం నాకు మొదట వింతగా తోచింది గాని, కారణం సులువైనదే. ప్రతి వస్తువూ తన వేడిని కిరణాల రూపంలో వదులుతూ ఉంటుంది. మబ్బు ఉంటే అది కూడా కొంత వేడిని కిందికి తిరిగి పంపుతుంది. మబ్బు లేకపోతే రేకు వదిలిన వేడిలో చాలా భాగం పైకి పోతుందే తప్ప తిరిగి రాదు. పలుచని లోహపు రేకులో నిలువ ఉండే వేడి తక్కువ కాబట్టి అది త్వరగా చల్లబడి, చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లగా మారుతుంది. గడ్డి మీద మంచు పట్టేది ఇందువల్లనే. మా రేకు విషయంలో తేడా ఏమిటంటే మంచు పైన మాత్రమే కాక, ఆవిరితో నిండిన గది ఉన్న అడుగు వైపున కూడా పడుతోంది.

గోడల మూలల్లో కూడా నల్లటి మచ్చలు మొదలయ్యాయి కాబట్టి, ఆ తేమ నేలలో నుంచి పైకి పాకుతున్నదా, గాలిలో నుంచి పడుతున్నదా అని తేల్చుకోవలసి వచ్చింది. దీనికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. జానెడు పొడవు, జానెడు వెడల్పు ఉన్న వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్కను గోడకు ఆనించి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అతికించి, రెండు రోజులు వదిలేశాను. తీసేటప్పుడు ముందు ముఖం తడిగా, గోడకు ఆనిన ముఖం పొడిగా ఉంది. అంటే నీరు గదిలోని గాలి నుంచి వచ్చినట్టు. వెనుక ముఖం తడిసి ఉంటే అది గోడలో నుంచో నేలలో నుంచో వస్తున్నట్టు అయ్యేది. అప్పుడు మందు వేరే. నేల మీద పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితంతో ఇదే పరీక్ష చేస్తే అడుగున తడి కనిపించలేదు. ఈ పరీక్ష మొదటి వారమే చేసి ఉంటే రెండు రోజుల కూలీ, డబ్బాల కొద్దీ సిలికాన్ మిగిలేవి.

ఇక ఊహతో కాకుండా అంకెలతో చూడాలనిపించి, గాలి ఉష్ణోగ్రతనూ సాపేక్ష ఆర్ద్రతనూ (ఆ ఉష్ణోగ్రత దగ్గర ఉండగలిగే ఆవిరిలో ఎంత శాతం ఉందో) చూపించే చిన్న మీటరు ఒకటి, దూరం నుంచే ఉపరితల ఉష్ణోగ్రత చెప్పే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి తెచ్చుకున్నాను. ఈ రెండింటినీ ఉన్నదున్నట్టు నమ్మితే మోసపోతాము. తేమ మీటరును సరిచూడటానికి ఉప్పు చాలు: మూతలో కొద్దిగా ఉప్పు పోసి, కరిగిపోకుండా తడి ముద్దగా ఉండేంత నీరు కలిపి, దాన్ని మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక రాత్రంతా ఉంచాలి. ఆ డబ్బాలోని గాలి ఆర్ద్రత 75 శాతం దగ్గర నిలుస్తుంది. నా మీటరు 70 చూపించింది కాబట్టి అప్పటి నుంచి ప్రతి కొలతకూ 5 కలుపుకుంటున్నాను. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో తంటా మరొకటి. మెరిసే లోహం తన వేడిని చెప్పదు, ఎదురుగా ఉన్న వస్తువుల వేడిని అద్దంలా తిప్పి చూపిస్తుంది. రేకుకు రంగు పూత ఉంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు గాని, మెరుస్తున్న కిటికీ ఫ్రేము మీద వచ్చిన అంకె నమ్మశక్యంగా లేకపోవడంతో, దాని మీద నల్ల టేపు ముక్క అతికించి, టేపు చల్లబడే దాకా ఆగి, దాని మీద గురి పెట్టి కొలిచాను. అంకె ఏకంగా నాలుగు డిగ్రీలు దిగింది.

గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ ఆవిరి అందులో ఉండగలదు. ఒక ఘనమీటరు స్థలంలో 20 డిగ్రీల దగ్గర సుమారు 17 గ్రాములు, 10 డిగ్రీల దగ్గర 9 గ్రాములకు కొంచెం పైన ఉండగలిగే పరిమితి. కాబట్టి ఆవిరితో ఉన్న గాలిని చల్లబరుస్తూ పోతే ఏదో ఒక ఉష్ణోగ్రత దగ్గర ఆ గాలి నిండిపోతుంది. అంతకంటే చల్లటి వస్తువు ఏది తగిలినా మిగులు ఆవిరి దాని మీద నీరుగా మారుతుంది. ఇంజనీర్లు డ్యూ పాయింట్ అనేది ఆ ఉష్ణోగ్రతనే. దాన్ని అంచనా వేయడానికి తేలికైన లెక్క ఉంది: ఆర్ద్రత వందకు ఎంత తక్కువ ఉందో చూసి, దాన్ని 5తో భాగించి, వచ్చినదాన్ని గాలి ఉష్ణోగ్రతలో నుంచి తీసివేయాలి. ఆర్ద్రత 50 శాతానికి పైన ఉన్నంత వరకు ఈ లెక్క దాదాపు సరిపోతుంది. బట్టలు ఆరవేసిన ఒక సాయంత్రం వసారాలో 21 డిగ్రీలు, 78 శాతం ఉన్నాయి. వందకు తక్కువ 22. దాన్ని 5తో భాగిస్తే 4.4; అంటే 16.6 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేని మీదనైనా నీరు కడుతుంది. అదే సమయంలో రేకు అడుగు భాగం 14 డిగ్రీలు ఉంది. తెల్లవారుజామున గదిలో 16 డిగ్రీలు, 90 శాతం. డ్యూ పాయింట్ 14. రేకు 11 డిగ్రీలు, అంటే బయటి గాలి కంటే కూడా ఒక డిగ్రీ చల్లగా ఉంది. ఆ రెండు వరుసల అంకెలు కాగితం మీద పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు, నెలల తరబడి నన్ను వేధించిన ప్రశ్నకు జవాబు నా చేతిరాతలోనే దొరికినట్టయింది.

మరి అంత ఆవిరి ఎక్కడిది? దీనికి మా ఆవిడ చెప్పిన ఉపాయమే బాగా పనికివచ్చింది. యంత్రంలో నుంచి తీసిన బట్టలను బుట్టతో సహా తూచి, ఆరిన తర్వాత మళ్లీ తూచమన్నది. బుట్ట బరువు తీసేస్తే తడి బట్టలు 7.4 కిలోలు, ఆరినవి 5.1 కిలోలు. తేడా 2.3 కిలోలు, అంటే రెండు లీటర్లకు పైగా నీరు ఒక్క విడత బట్టల నుంచే గాలిలోకి వెళ్లింది. మా వసారాలో ఉన్న గాలి మొత్తం 25 ఘనమీటర్లు. 20 డిగ్రీల దగ్గర అందులో గరిష్ఠంగా పట్టే ఆవిరి సుమారు 430 గ్రాములు. గాలి పూర్తిగా ఎండిపోయి ఉందనుకున్నా, అది మోయగలిగినదానికి ఐదు రెట్లకు పైగా నీటిని మేము ప్రతి ఉతుకు రోజునా తలుపులు బిగించిన గదిలోకి వదులుతున్నామన్నమాట. దీనికి తోడు వంటగది తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. కుండలో మరిగే నీటి ఆవిరి అందరికీ కనిపిస్తుంది గాని, మంట నుంచి వచ్చేది కనిపించదు: ఒక కిలో వంట గ్యాసు మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. వంటగదిలో పుట్టినా ఆవిరి అక్కడే ఉండిపోదు; ఇంట్లో అన్నింటి కంటే చల్లటి చోటు ఏదో అక్కడికి చేరి నీరవుతుంది. మా ఇంట్లో ఆ చోటు వసారా రేకు. వీటి ముందు కదలకుండా కూర్చున్న మనిషి ఊపిరి, చర్మం ద్వారా వదిలే గంటకు 40, 50 గ్రాములు చిన్నవే, అయినా నేను రాత్రి నాలుగు గంటలు రాసుకుంటే ఒక గ్లాసు నీటికి దగ్గరవుతుంది.

కాబట్టి ముందుగా పుట్టుకను తగ్గించాము. బట్టలు వీలైనంత వరకు ఆరుబయటే ఆరవేయడం, వంట జరుగుతున్నంత సేపూ మధ్య తలుపు మూసి ఉంచడం, పొయ్యి పైనున్న ఫ్యాను వంట అయ్యాక కూడా పదిహేను నిమిషాలు తిరగనివ్వడం అలవాటు చేసుకున్నాము. బయట ఆరవేయడం కుదరని రోజుల కోసం వసారా గోడకు చూరుకు దగ్గరగా ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించి, ఆర్ద్రత 65 శాతం దాటితే తనంతట తానే తిరిగి, తగ్గితే ఆగే స్విచ్చి బిగించాము. పెట్టె మీద అది గంటకు 200 ఘనమీటర్ల గాలి లాగుతుందని ఉంది, అంటే మా గదిలోని గాలిని గంటకు ఎనిమిది సార్లు మార్చాలి. మొదటి రాత్రి అది తిరిగిందే గాని ఫలితం లేకపోయింది. ఎందుకంటే కిటికీ, తలుపు రెండూ మూసి ఉన్నాయి. లోపలికి గాలి వచ్చే దారి లేనప్పుడు ఫ్యాను బయటకు పంపడానికి గాలి ఎక్కడ ఉంటుంది? ఎదురు గోడలో నేలకు దగ్గరగా ఒక జాలీ కన్నం పెట్టించాక, కింద చల్లటి పొడి గాలి వచ్చి, గది అడ్డంగా సాగి, పైన ఆవిరితో బయటకు పోవడం మొదలైంది. అగరబత్తి పొగను ఆ కన్నం దగ్గర పట్టి, అది ఎటు వంగుతున్నదో చూసి ఈ సంగతి ఖాయం చేసుకున్నాను.

పొగమంచు ఉన్న ఉదయాన కిటికీ తెరవడం గురించి ఇంట్లో గట్టి అభ్యంతరం వచ్చింది. బయట గాలే తడిగా ఉంటే దాన్ని లోపలికి రానివ్వడం ఏమిటని నాన్నగారు అడిగారు. నాకూ ఆ అనుమానం ఉండేది కాబట్టి లెక్క వేసి చూపించాను. బయట 12 డిగ్రీలు, 95 శాతం ఉన్న గాలిలో ఘనమీటరుకు సుమారు 10 గ్రాముల ఆవిరి మాత్రమే ఉంటుంది. ఆ గాలి లోపలికి వచ్చి 21 డిగ్రీలకు వేడెక్కితే దాని ఆర్ద్రత 55 శాతానికి పడిపోతుంది. తడిగా అనిపించిన గాలే వేడెక్కాక గదిని ఆరబెడుతుంది. శాతాన్ని చూసి కాదు, గ్రాములను చూసి తెరవాలి. నాన్నగారు మరో మాట అనకుండా, మర్నాటి నుంచి ఉదయం ఇరవై నిమిషాలు కిటికీ తెరిచే బాధ్యత తానే తీసుకున్నారు.

ఇంత చేశాక చుక్కలు సగానికి పైగా తగ్గాయి గాని పోలేదు. ఆవిరి తగ్గింది, రేకు చల్లదనం తగ్గలేదు. ఇక్కడ నేను చేసిన రెండవ పొరపాటు మొదటిదాని కంటే ఎక్కువ నష్టం చేసింది కాబట్టి వివరంగా చెప్పాలి.

రేకు అడుగున థర్మాకోల్ పలకలు పెడితే చల్లదనం లోపలికి రాదని విని, ఒక ఆదివారం నేనే పలకలు కోసి, రేకును మోసే ఇనుప పట్టీల మధ్య ఒక్కొక్కటిగా దూర్చి బిగించాను. కోతలు అంత నేర్పుగా రాలేదు. పలకకూ పట్టీకీ మధ్య వేలు దూరేంత సందులు అక్కడక్కడ మిగిలాయి. కింద నుంచి చూస్తే తెల్లగా, పొడిగా, ముచ్చటగా ఉంది. మూడు వారాలకు అతుకుల వెంట పసుపు మరకలు దిగాయి. ఒక పలక తీయగానే దాని వెనుక నిలిచిన నీరు మోచేతి మీదుగా కారింది. రేకు ఇంతకు ముందు ఎన్నడూ లేనంతగా తడిసి ఉంది, ఒక చోట పట్టీకి తుప్పు మొదలయింది, పలకల వెనుక ముఖాల మీద బూజు మచ్చలు ఉన్నాయి.

జరిగినది ఇది. థర్మాకోల్ గది వేడిని రేకు దాకా పోనివ్వలేదు, కాబట్టి రేకు మునుపటి కంటే ఇంకా చల్లబడింది. గాలిని మాత్రం అది ఆపలేదు. సందుల గుండా ఆవిరితో నిండిన గాలి పలక వెనక్కి చేరి, అక్కడ మరింత చల్లగా ఉన్న రేకును తాకి నీరైంది. మునుపు చుక్కలు కంటికి కనిపించేవి, ఉదయం ఎండకు ఆరిపోయేవి. ఇప్పుడు కనపడని చోట నిలిచి, ఆరే దారి లేక, ఇనుమును తినడం మొదలుపెట్టాయి. పైగా పట్టీలు పలకల మధ్య నగ్నంగానే ఉన్నాయి కాబట్టి వాటి అంచుల మీద ఎప్పటిలాగే చుక్కలు వరుస కట్టాయి. ఉక్కు, ఇలాంటి పలకల కంటే వెయ్యి రెట్లకు పైగా సులువుగా వేడిని దాటిస్తుంది. ఎంత మందపు పలక పెట్టినా మధ్యలో ఒక ఇనుప ముక్క లోపలికి పొడుచుకుని వస్తే చల్లదనానికి అదే వంతెన అవుతుంది. నేను పలక మందం గురించి ఆలోచించానే గాని అతుకుల గురించి ఆలోచించలేదు. ఈ పనిలో అతుకులే అసలు పని.

వాటన్నింటినీ తీసేసి, తుప్పు గీకి పూత వేయించి, ఈసారి అనుభవం ఉన్న పనివారితో, నేను పక్కన నిలబడి చేయించాను. రెండు వైపులా అల్యూమినియం పొర ఉన్న 50 మిల్లీమీటర్ల గట్టి ఫోమ్ పలకలను పట్టీల మధ్య కాకుండా పట్టీల కిందుగా, ఒక చివర నుంచి మరొక చివర దాకా తెగకుండా పరిపించాము. పలకకూ పలకకూ మధ్య, పలకకూ గోడకూ మధ్య ఉన్న ప్రతి అతుకునూ, స్క్రూ తలలను కూడా అల్యూమినియం టేపుతో మూయించాము. గోడ అంచు సమంగా లేని చోట టేపు పట్టదు కాబట్టి ముందు సందును సాగే గుణమున్న ఫోమ్‌తో నింపి, ఆరిన తర్వాత చదునుగా కోసి, ఆ పైన టేపు వేయించాము. దీపం తీగ లోపలికి వచ్చే ఒక్క రంధ్రం చుట్టూ మూయడానికే గంట పట్టింది. ఎలక్ట్రీషియన్ ఇక్కడ ఒక మంచి సంగతి చెప్పారు: థర్మాకోల్‌కు ఆనించి పీవీసీ తీగలు నడిపితే కాలక్రమంలో తీగ తొడుగులోని మెత్తదనం పోయి అది పెళుసుబారుతుంది. నేను మొదటిసారి అలాగే ఆనించి పెట్టాను. ఇప్పుడు తీగలన్నీ పైపులో, పలకలకు కింద నడుస్తున్నాయి. ఫోమ్ నిప్పుకు త్వరగా అంటుకునే వస్తువు కాబట్టి దాన్ని తెరిచి ఉంచకుండా అడుగున జిప్సం బోర్డు కప్పించాము.

పలకకూ రేకుకూ మధ్య పట్టీల ఎత్తు మేరకు ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని ఏం చేయాలన్నదే నేను ఎక్కువగా మథనపడిన విషయం. అది గదికి పూర్తిగా మూసి, బయటి గాలికి తెరిచి ఉండాలని చివరకు నిర్ణయించాను. మొదటి పొరపాటులో చూరు దగ్గర బిగించిన ఫోమ్ ముక్కలన్నీ పీకేసి, పురుగులు దూరకుండా సన్నని జాలీ పెట్టాము; పై చివర గోడ దగ్గర నేనే సిలికాన్‌తో మూయించిన అతుకును తెరిచి, వాన లోపలికి కొట్టకుండా ఒక వంపు రేకు కప్పించాము. ఇప్పుడు కింద నుంచి వచ్చే బయటి గాలి రేకు అడుగున పాకి పై నుంచి పోతుంది. మంచు బాగా పడిన రాత్రి ఆ ఖాళీలో కొద్దిగా నీరు కట్టినా, రేకు వాలు వెంట చూరులోకి జారుతుంది, లేదా పగటి ఎండకు ఆరిపోతుంది. ఏ సందులను మూయడానికి రెండు రోజుల కూలీ ఇచ్చానో, వాటినే తెరవడానికి మరో రోజు కూలీ ఇచ్చాను.

గోడల సంగతి ఇంత కష్టం కాలేదు. బీరువాను గోడకు ఆనించి ఉంచడం వల్ల దాని వెనుక గాలి కదలక, గది వేడి తగలక గోడ చల్లబడి, అక్కడే బూజు దట్టంగా పెరిగింది. కంటికి నీరు కనిపించకపోయినా గోడ మీది ఆర్ద్రత రోజుల తరబడి 80 శాతం దాటి ఉంటే బూజుకు అది చాలు. బీరువాను నాలుగు వేళ్ల ఎడం జరిపాను. బూజును పొడి చీపురుతో దులిపితే దాని బీజాలు గదంతా చల్లుకుంటాయి కాబట్టి, ముక్కుకు మాస్కు కట్టుకుని, కిటికీ తెరిచి, సబ్బు నీటిలో తడిపిన గుడ్డతో తుడిచి, గుడ్డలను పారేశాను. బ్లీచింగ్ వాడదలచినవారు దాన్ని మరే ఇతర శుభ్రపరిచే ద్రవంతోనూ, ముఖ్యంగా యాసిడ్‌తో, కలపకూడదు; విషవాయువు పుడుతుంది. అట్టలు ఉబ్బిన తొమ్మిది పుస్తకాలలో రెండింటిని కాపాడుకోలేకపోయాను. ఆ రెండూ నాకు మళ్లీ దొరికేవి కావు.

వానాకాలం వచ్చాక ఇదే సూత్రం తలకిందులుగా పని చేసింది. చలికాలపు అలవాటు కొద్దీ నాన్నగారు ఉదయం కిటికీ తెరిస్తే కాసేపటికి నేల జారుడుగా మారింది. బయట 28 డిగ్రీలు, 90 శాతం. అంటే డ్యూ పాయింట్ 26 డిగ్రీలు. మట్టికి ఆనుకుని ఉన్న మా నేల 25 డిగ్రీలే ఉంది. బయటి గాలి అప్పుడు గదిని తడుపుతోంది. ఆ రోజుల్లో కిటికీ మూసి, ఫ్యాను ఆపి, లోపల సీలింగ్ ఫ్యాను తిప్పుకోవడమే మేలని గ్రహించాము. ఆవిరిని దాటనివ్వని పొర (మా పలకల మీది అల్యూమినియం, టేపు లాంటిది) ఎటు వైపు ఉండాలన్న ప్రశ్నకూ ఇదే జవాబు వర్తిస్తుంది. మేము గది వైపు గట్టిగా మూయించింది మా ఇబ్బంది చలికాలపుది కాబట్టి. గదిని ఏసీతో చల్లబరిచి, బయట వేడి, ఉక్క ఉన్న చోట ఆవిరి బయటి నుంచి లోపలికి వస్తుంది. అక్కడ మూయవలసింది బయటి వైపు. ఇతరుల ఇంట్లో చూసింది చూసినట్టు చేయించుకునే ముందు, తమ గదిలో వెచ్చటి వైపు ఏదో తేల్చుకోవాలి.

మరొక హెచ్చరిక కూడా చేయాలి. మా వసారాలో గ్యాస్ గీజరు లేదు. ఉండి ఉంటే నేను మొదట్లో చేసినట్టు కన్నాలన్నీ మూయడం ప్రాణాపాయం. గాలి చాలక మండే మంట నుంచి వాసన, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. అటువంటి గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టినా అది పొగగొట్టంలోని పొగను వెనక్కి లాగే ప్రమాదం ఉంది. మంట ఉండే పరికరం ఏదైనా ఉంటే దాన్ని బయటకు మార్చిన తర్వాతే తేమ సంగతి చూడాలి.

ఇది రెండవ చలికాలం. నిన్న తెల్లవారుజామున గదిలో 19 డిగ్రీలు, 55 శాతం ఉన్నాయి. డ్యూ పాయింట్ 10. జిప్సం పైకప్పు అడుగు భాగం 18 డిగ్రీలు. కిందటి ఏడు ఇదే వారంలో అక్కడ మూడు డిగ్రీల లోటు ఉండగా, ఇప్పుడు ఎనిమిది డిగ్రీల మిగులు ఉంది. బల్ల మీద నోటుపుస్తకం తెరిచి ఉంచే పడుకుంటున్నాను. ఒక్క కిటికీ ఫ్రేము మాత్రం ఇంకా మాట వినడం లేదు. అది అల్యూమినియం, లోపలి ముఖానికీ బయటి ముఖానికీ మధ్య చల్లదనాన్ని ఆపేది ఏదీ లేదు కాబట్టి, బాగా చలి ఉండి, ముందు సాయంత్రం బట్టలు లోపల ఆరవేసిన రోజుల్లో దాని కింది అంచున సన్నని నీటి గీత కడుతుంది. దాన్ని ప్రతి ఉదయం గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను లోపల కాకుండా పెరట్లో ఆరవేస్తున్నాము. రాబోయే ఎండాకాలంలో ఆ ఫ్రేమును తీయించి, లోపల గాలి గదులు ఉండే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ పెట్టించాలని కొలతలు తీసుకుని ఉంచాను.